జీడిపాకం

పదకొండేళ్లు జీడిపాకం లాగాను,
మణికొండ అద్దెగదిలో
రోజుకి ఇరవై రెండు నిమిషాల చొప్పున.
కోడలు మెట్లు దిగడానికి
సోమవారం నుంచి బుధవారం దాకా పట్టేది.
అత్తగారు తల తిప్పితే
మూడుసార్లు ఉరిమేది, ఒకే తలకి.
చచ్చినవాణ్ణి రెండుసార్లు బతికించాను,
రెండోసారి వేరే మొహంతో,
పాత నటుడు డబ్బులు పెంచమన్నాడని.

గురువారం రేటింగులొస్తాయి.
గురువారం నాకు అన్నం దిగదు.

ఒక్కసారి అడిగాను,
మా ఊరి మాట మాట్లాడే డాక్టరమ్మని పెడతానని.
ఏసీ గదిలో అందరూ నవ్వారు, మర్యాదగానే.
"ఆ యాస పనిమనిషికి పెట్టండి మేడమ్,
బాగా పండుతుంది."
పెట్టాను.
పండింది.
ఆ రాత్రి పిన్ని ఫోన్ చేసి
సీరియల్ ఊసెత్తలేదు.
"తిన్నావేటి?" అంది, అంతే.
ఆ ముక్కే నేను జోకుగా రాసింది.

ఇప్పుడు కాశీబుగ్గలో ఉన్నాను,
నిజమైన జీడి దగ్గర.
పిన్ని పనిచేసే బట్టీ వెనక
ఖాళీ బస్తాల గది.
గోనెలు చప్పుడు తాగేస్తాయి, అదే నా స్టూడియో.
పాత ల్యాప్‌టాప్, బొమ్మలు గీసే పలక,
పలక అంచు పగిలితే చుట్టిన ప్లాస్టరు.
పలాస స్టేషన్లో బండి కూతేస్తే రికార్డింగ్ ఆపుతాం.
ఆపలేకపోతే
కథలోకే ఒక బండి వస్తుంది.

కథంటే
వేలిముద్ర పడని మనిషిది.
జీడిసొన తినేసిన వేళ్లు.
రేషన్ డిపోలో బొటనవేలు పెడితే
మిషను అంటుంది, నువ్వు లేవు.
చూపుడువేలు పెడుతుంది.
అప్పుడూ లేదు.
పోయిన ముద్రలు వెతుక్కుంటూ బయల్దేరుతుంది.
ఒకటి ఉల్లిపాయ పొరల్లో,
ఒకటి కోసిన దుంగ వలయాల్లో,
ఒకటి బారువ ఇసకలో అల గీసిపోయిన గీతల్లో.
పదోది ఎక్కడుందో నాకింకా తెలీదు.
భాగానికి నాలుగు నిమిషాలు.
ఎక్కడా ఉరమదు.

సెకనుకి పన్నెండు బొమ్మలు.
కన్నార్పడానికే ఐదు.
కోడల్ని మూడురోజులు మెట్లు దించినదాన్ని
ఒక్క పిక్క పగలడానికి
తెల్లవార్లూ కూర్చుంటున్నాను.
నిజం చెప్పాలంటే సాగదీత పోలేదు.
సాగేది మాత్రం ఇప్పుడు నా నడుమే.

డబ్బు సంగతి అడక్కండి.
గొలుసు తాకట్టులో ఉంది.
మొదటి భాగం రెండొందల పద్నాలుగు సార్లు చూశారు,
అందులో నలభై నావి.
గురువారం గురువారం ఛానల్ నుంచి ఫోను,
కోడలు మళ్లీ మెట్ల మీదే ఉందట,
వచ్చి దింపమంటారు.

నిన్న అన్నాలవేళ
రెండో భాగం బట్టీలో చూపించాను.
పదకొండుమందికి ఒకటే ఫోను.
గొంతిచ్చిన దమయంతి
తన గొంతు తనే విని
చీరకొంగులో మొహం దాచుకుంది.
యాసకి ఎవరూ నవ్వలేదు.
డిపో డీలరు తన వేలు పెట్టి
మిషన్ని బుజ్జగించే చోట మాత్రం
క్యారేజీ మూత ఒకటి దొర్లిపోయింది.

అయిపోయాక పిన్ని ఫోను లాక్కుని
వెనక్కి జరిపి, ఒకచోట ఆపింది.
"ఇదేటే?
పిక్క ఎడంసేత్తో పడతాం.
కుడిసెయ్యి పిడి మీదుండాల.
ఇలగ కొడితే ఏలు తెగిపోతాది.
నీకేటి తెలుసు!"

ఎన్ని వేల పేజీలు దిద్దారో నావి,
ఏడుపు పెంచమని, పెళ్లి ఆపమని.
వేలు తెగుతుందని
ఎవరూ అనలేదు.

రాత్రి ఆ చేతులు రెండూ తుడిచేశాను.
మొదటి బొమ్మలో ఎడంచెయ్యి, ఖాళీగా.
రెండోదాంట్లో వేళ్లు వంగుతున్నాయి.
పగలంతా కొట్టీ కొట్టీ
ఇప్పుడే కునుకు తీసింది పిన్ని, పాపం.
మూడోదానికి
ఆవిడ్ని లేపాలి.